పిక్కలో కాలువ తవ్వకం

1966 జనవరి 3, సోమవారం. సాయంత్రం 6 గంటలు.

ఉరవకొండ కాపురస్తుడు, రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాసి జీవించే గంగాధరప్ప, వయసు 51, తన మనఃపూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా, తనకు తానే రాసి ఇచ్చుకున్న తీర్మాన పత్రం ఏమనగా:

1. రేపటి నుంచి రోజూ తెల్లవారుజామున నడక.
2. బీడీలు బంద్. పూర్తిగా. ఈ రోజు తాగినవే ఆఖరు.
3. ఏప్రిల్ 4న మళ్ళీ అనంతపురం వెళ్ళి డాక్టరు గారికి కాలు చూపించుట.

(బలవంతం ఉంది. డాక్టరు గారిదే. దస్తావేజులో అలా రాయకూడదు కనుక రాయలేదు.)

జరిగింది ఇదీ. రెండేళ్ళుగా నడుస్తుంటే ఎడమ పిక్క పట్టేస్తోంది. తడి గుడ్డ పిండినట్టు ఉంటుంది. రెండు నిమిషాలు నిలబడితే ఏమీ లేనట్టు పోతుంది. మళ్ళీ అంతే దూరం నడిస్తే మళ్ళీ పట్టేస్తుంది. వాతం అనుకుని సీసాలకు సీసాలు ఆముదం రుద్దించుకున్నాను. నా భార్య భద్రమ్మ చేతులు నొప్పి పుట్టాయి తప్ప నా పిక్కకు తెలియలేదు.

ఇవాళ అనంతపురం పోయి డాక్టరు గారికి చూపించాను. కోస్తా మనిషి. పాదం మీద వేళ్ళు పెట్టి నాడి కోసం చాలాసేపు వెతికారు. దొరకలేదు.

"వాతం కాదండీ. కాలికి నెత్తురు తీసుకెళ్ళే గొట్టం లోపల పూడిక పట్టి ఇరుకైపోయింది. కూర్చుంటే సరిపోతుంది. నడిస్తే కండకి చాలా రెట్లు నెత్తురు కావాలి. అందదు. అందుకే పట్టేస్తోంది."

"మందు?"

"నడక."

"నడిస్తేనే కదండీ నొప్పి!"

"అదే మందండీ. నొప్పి పట్టేదాకా నడవండి. పట్టాక నిలబడండి. తగ్గాక మళ్ళీ నడవండి. కండ రోజూ నెత్తురు అడుగుతూ ఉంటే పక్కనుండే సన్న నాళాలు తెరుచుకుని వెడల్పవుతాయి. బిగుసుకుపోయినవి వదులు కావడం నేర్చుకుంటాయి. మూడు నెలలు పడుతుంది. బీడీ కాల్చారా, తెరుచుకున్నవి మళ్ళీ ముడుచుకుంటాయి."

"నడవకపోతే ఏమవుతుంది?"

ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఏటికేడు ఇలాగే ఇరుకైతే ముందు వేళ్ళు నల్లబడతాయి. తర్వాత..." అని కలం వెనక భాగంతో నా మోకాలి కింద అడ్డంగా ఒక గీత గీశారు.

ఆ గీత నాకు తెలుసు. మా నాయన కాలు సరిగ్గా అక్కడే ఆగిపోయింది.

బస్సులో వస్తూ ఆలోచించాను. తుంగభద్ర ఎగువ కాలువ ఎన్నేళ్ళుగానో తవ్వుతూనే ఉన్నారు. ఆ నీళ్ళు మన చేలకు వచ్చేలోగా నా పిక్కలో నేనే కాలువ తవ్వేస్తాను!

భద్రమ్మకు చెప్పాను. "నువ్వా? బీడీలా? మానేస్తావా?" అని గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది.

జనవరి 4, మంగళవారం. ఉదయం 5.30

లేచాను! చెప్పులు వేసుకున్నాను! అప్పుడు గుర్తొచ్చింది, మంగళవారం. మంగళవారం నాడు ఎవరూ క్రయపత్రం కూడా రాయించుకోరు, ఇది ప్రాణంతో సమానమైన పని. రేపు.

బీడీలు (రాత్రికి): 4. పాత కట్టలో మిగిలినవి. పారేయడానికి చెయ్యి రాలేదు.

జనవరి 5, బుధవారం.

5.15: ఇల్లు దాటాను. మూల మీద కదిరమ్మ గారి అల్లుడు: "ఏమప్పా గంగాధరప్పా, యాడికి పోతాండావు?" బయల్దేరే మనిషిని యాడికి అని అడగొచ్చా? వెనక్కి వచ్చాను. కూర్చున్నాను. నీళ్ళు తాగాను.
5.30: మళ్ళీ బయల్దేరాను. పాలాయన: "యాడికన్నా ఇంత పొద్దున?" వెనక్కి. నీళ్ళు.
5.45: మళ్ళీ. బిందెతో ఎదురొచ్చిన ఒకామె నోరు తెరవబోతుంటే నేనే తిరిగొచ్చేశాను.
6.15: తెల్లారిపోయింది.

మా ఇంటికీ వీధి మూలకూ మధ్య ఆరుసార్లు నడిచాను. చివరిసారి పిక్క పట్టింది. ఒక రకంగా వైద్యం జరిగినట్టే.

జనవరి 6.

ఉపాయం దొరికింది. నాలుగుముక్కాలుకే, తల మీదుగా కంబళి కప్పుకుని, ఎవరూ గుర్తుపట్టకుండా! భద్రమ్మ గుర్తుపట్టి, "దొంగ మాదిరి యాడికి..." అనబోయి నాలిక కరుచుకుంది. ఆ సగం ప్రశ్నను లెక్కలోకి తీసుకోలేదు.

ఊరు దాటి అనంతపురం రోడ్డు ఎక్కాను. అడుగులు లెక్కపెట్టాను. సరిగ్గా 302వ అడుగు దగ్గర పిక్క పట్టింది. అంటే ఊరి మొగదల నుంచి ఒక ఫర్లాంగు. తల ఎత్తి చూస్తే ఎదురుగా మారెక్క బజ్జీల పొయ్యి! రోడ్డు పక్కన మూడు రాళ్ళు, ఒక బాణలి, ఒక లాంతరు. కరువు పనిలో రోడ్డు వెడల్పు చేసే కూలీలు పొద్దున్నే అటు పోతారు, వాళ్ళ కోసం బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేస్తుంది.

"ఏమన్నా, కాలు పట్టేసిందా? కూసో. నూనె కాగతాండాది."

ఊరికే నిలబడితే బాగుండదు. రెండు బజ్జీలు. నేనే మొదటి బేరం అట, కళ్ళకద్దుకుని ఇచ్చింది.

ఈ రోడ్డుకు ఫర్లాంగు రాళ్ళు లేవు. కరువు పనిలో పీకి ఎక్కడో కుప్ప వేశారు, వెడల్పు పని అయ్యాక పాతుతారట. చెట్టూ లేదు, కట్టడమూ లేదు, కంకర కుప్పలు తప్ప. పరవాలేదు. ఇరవై ఆరేళ్ళుగా పొలాలకు హద్దులు రాస్తున్నవాణ్ణి. రాసుకున్నాను:

నా నడకకు తూర్పు హద్దు: మారెక్క పొయ్యి.

దాన్ని దాటిన రోజు నా నాళాలు తెరుచుకున్నట్టు!

బీడీలు: 2. బజ్జీ కారం తగ్గడానికి.

జనవరి 9.

చెమటకు కళ్ళద్దాలు జారి కింద పడ్డాయి. పగల్లేదు, అదృష్టం. రేపటి నుంచి ఇంట్లోనే పెట్టి పోతాను. ఆ చీకట్లో నాకు కావలసింది మారెక్క లాంతరు వెలుగొక్కటే. అడుగుల లెక్క కూడా మానేశాను. నూటయాభై దాటాక ఎప్పుడూ ఒకే ఆలోచన వచ్చి లెక్క తప్పుతోంది. (బీడీ.)

జనవరి 12.

ఓబన్నకు రక్తనాళాల గురించి చెప్పాను. ఓబన్న నా పక్కనే కూర్చుని దస్తావేజులు రాస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఒకే సిరాబుడ్డి, ఒకే అగ్గిపెట్టె.

"కండ అడిగేకొద్దీ సన్న నాళాలు వెడల్పవుతాయి ఓబన్నా. నెత్తురు జోరుగా పారితే ఆ ఒరిపిడికి గోడలే సడలుతాయి. పెద్ద కాలువ పూడిపోయినా పక్క కాలువల్లో నీళ్ళు పారతాయి."

వాడు శ్రద్ధగా విని, "అంటే నీ పిక్కలో కరువు పని జరగతాండాదన్న మాట" అన్నాడు.

"అంతే అనుకో."

"మేస్త్రీ ఎవరు? నువ్వైతే ఆ పని అయ్యేది కాదులే" అని బీడీ వెలిగించాడు. కట్ట నా వైపు కూడా జరిపాడు. నేను తీసుకోలేదు!! (పదకొండు గంటలకు తీసుకున్నాను.)

జనవరి 20, గురువారం.

దాటాను!!! మారెక్క పొయ్యిని దాటాను!!!

లాంతరు పక్కనుంచే పోయింది. పిక్క పట్టలేదు. ఇరవై, ముప్పై అడుగులు వేశాక అప్పుడు పట్టింది. వెనక నుంచి మారెక్క "ఓ అన్నా! బజ్జీలు! ఓ అన్నా!" అని అరుస్తోంది. వెనక్కి నడిచే ఓపిక లేక అక్కడే కంకర కుప్ప మీద కూలబడి చెయ్యి ఊపాను. బజ్జీలు లేవు. విజయం ముందు బజ్జీలు ఎంత?

భద్రమ్మ నమ్మలేదు. ఒట్టు వేశాక నమ్మి, సంగటి ముద్ద మీద ఇంకో గరిటె నెయ్యి వేసింది.

బీడీలు: 1. పండగ.

జనవరి 21.

మళ్ళీ మారెక్క దగ్గరే. సరిగ్గా పొయ్యి ఎదురుగా పట్టింది. నిన్నటిది గాలివాటం అయివుంటుంది. మారెక్క ఎందుకో చాలా సంతోషంగా ఉంది. బజ్జీ ఒకటి ఊరికే ఇచ్చింది.

జనవరి 28.

దాటాను! యాభై అడుగులు!

జనవరి 29.

మారెక్క దగ్గరే.

ఫిబ్రవరి 3.

దాటాను. సంతోషించడానికి భయంగా ఉంది.

ఫిబ్రవరి 4.

మారెక్క దగ్గరే. అనుకున్నాను.

ఫిబ్రవరి 10, గురువారం. ఉదయం 6.20

ఇవాళ ఒక చెడ్డ సంగతి కనిపెట్టాను. మొదట్లో మారెక్క దాకా పోయి, బజ్జీలు తిని, అయిదుంబావుకల్లా ఇల్లు చేరేవాణ్ణి. ఇప్పుడు గోడ గడియారంలో అయిదుముప్పావు అవుతోంది. బజ్జీల సంఖ్య పెరగలేదు. అంటే నా నడకే నెమ్మదించింది! అదే దూరానికి రెట్టింపు సమయం! కాలు బాగుపడటం పోయి ఇంకా చెడుతోంది.

చెప్పులు కూడా అరిగిపోయాయి. నెల క్రితం అట్ట వేయించినవే. తోలులో నాణ్యత లేదు.

బీడీలు (రాత్రికి): 6. దిగులుకు.

ఫిబ్రవరి 13.

పోలేదు. చెప్పు కుట్టించాలి.

ఫిబ్రవరి 14.

పోలేదు. చెప్పు కుట్టించాను కానీ కొత్త కుట్టు కరుస్తోంది.

ఫిబ్రవరి 15.

పోయాను. మారెక్క దగ్గరే. అసలు ఆ నూనె వాసన తగలగానే పిక్క పట్టేస్తోందేమో అని అనుమానం. డాక్టరు గారిని అడగాలి: బజ్జీ వాసనకు రక్తనాళాలు ముడుచుకుంటాయా?

ఫిబ్రవరి 22.

నడక వల్ల నాకు జరిగినవి:
నిద్ర పోయింది.
చెప్పులు పోయాయి.
కంబళిలో నన్ను చూసి వీధి కుక్కకు నా మీద ఉన్న గౌరవం పోయింది.
పిక్క నొప్పి మాత్రం పోలేదు.

ఓబన్న ఇది చదివి, "ఇదీ దస్తావేజంటే. సాక్షి సంతకం నేను పెడతా" అన్నాడు.

మార్చి 2, బుధవారం. ఉదయం 7 గంటలు.

అయిపోయింది.

నెలంతా ఇదే వరస: ఒక రోజు దాటడం, మర్నాడు మళ్ళీ మారెక్క దగ్గరే పట్టడం. ఇవాళా అంతే. సరిగ్గా పొయ్యి ముందు. రెండు నెలలు! నొప్పిని ఓర్చుకుని, పట్టినప్పుడు నిలబడి, తగ్గాక నడిచి, డాక్టరు గారు చెప్పినట్టే చేశాను. ఒక్క అడుగు ముందుకు పోలేదు. కాలువా లేదు, గీలువా లేదు. నా పిక్కలో ఉండేది బండరాయి. ఎంత తవ్వినా అంతే.

అక్కడే కూర్చుని ఆరు బజ్జీలు తిన్నాను. మూడు బీడీలు కాల్చాను. "ఇన్ని తాగతాండావేందన్నా, నీ కాలికి చెడ్డది గదా" అంది మారెక్క. ఊళ్ళోకి వస్తున్న కంకర బండి ఎక్కి ఇంటికి వచ్చాను. బండి తోలేవాడు "యాడికన్నా?" అన్నాడు. ఇప్పుడు ఎవరు ఏమడిగితే ఏమి.

జనవరి 3న రాసుకున్న తీర్మాన పత్రాన్ని ఇందుమూలంగా రద్దు చేసుకున్నాను.

మార్చి 3.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తే తలుపు పక్కన నాయన చంకకర్ర ఆనించి ఉంది. తుడిచి, నూనె రాసి, నున్నగా.

"ఇదెందుకు దించినావే?"

"అటక మీద బూజు దులుపుతాంటే కనపడింది. ఈడనే ఉండనీ. ఎప్పటికైనా పనికొస్తాది గదా."

అని లోపలికి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ అంది. పొయ్యి వెలిగించి లేదు.

నాయన కూడా ఆ అరుగు మీదే దస్తావేజులు రాశాడు. ఆయన కాలికి ముల్లు గుచ్చుకుని పుండు మానక కాలు తీసేశారని చెప్పుకునేవాళ్ళం. అంతకు ముందు రెండు మూడేళ్ళు దారిలో ఉన్నట్టుండి ఆగిపోయి, ఎవరి గోడో చూస్తున్నట్టు నిలబడేవాడు. చిన్నతనంలో నేను నవ్వేవాణ్ణి. ఆ కర్రతో ఆరేళ్ళు బతికాడు.

భద్రమ్మ చూడకుండా కర్ర చంక కింద పెట్టుకుని చూశాను. నాకు సరిగ్గా సరిపోయింది. ఒక అంగుళం కూడా కోయనక్కర్లేదు.

నాకు భయంగా ఉంది. ఇంకెక్కడా చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చాలా భయంగా ఉంది.

మార్చి 9.

బీడీలు: లెక్క మానేశాను.

మార్చి 13.

ఉగాది నుంచి మొదలుపెడదామని ఒక ఆలోచన. పంచాంగం తీసి చూశాను. రాబోయేది పరాభవ నామ సంవత్సరం. పేరే అది! ఆ ఏడాదిలో ఎవడు ఏం మొదలుపెడతాడు? పంచాంగం మూసేశాను.

మార్చి 19, శనివారం. సాయంత్రం 7 గంటలు.

వరుసగా రాస్తాను.

11 గంటలకు మారెక్క ఆఫీసు అరుగు దగ్గరికి వచ్చింది. పగటిపూట ఆమెను చూడటం ఇదే మొదలు. నా ముందు కూర్చుంది.

"అన్నా, నాకొక అర్జీ రాసియ్యల్ల. రోడ్డు మేస్త్రీ నా పొయ్యి ఎత్తేయమంటాండాడు. ఊరు ఇడిసి ఇంత దూరం ఎందుకొచ్చినావు, కంకర తోలే బండ్లకు అడ్డం అంటాడు. ఆడనే ఉండనియ్యమని రాయి."

కాగితం తీశాను. అలవాటుగా మొదలుపెట్టాను. "ఉరవకొండ ఊరి మొగదల నుంచి తూర్పుగా ఒక ఫర్లాంగు దూరంలో, రోడ్డుకు దక్షిణపు పక్క..."

"ఒకటి కాదన్నా. మూడు దాటుంటాది."

"ఏమి మూడు?"

"ఫర్లాంగులు. మూడు దాటుంటాది."

"నువ్వుండేది ఫర్లాంగు దూరమే గదా మారెక్కా. నేను అడుగులు లెక్కపెట్టినా. మూడువందల రెండు."

"అది ఎప్పటి మాట! జనవరి మాట!"

కలం ఆగిపోయింది. ఓబన్న కలం కూడా ఆగింది.

"మరి అంత దూరం ఎందుకు పోయినావు?"

మారెక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకు పోయినానా? నీ కోసం పోయినా! ఒకనాడు నన్ను దాటుకొని పోయి కంకర కుప్ప మీద కూసున్నావు. గొంతు పోయేట్టు పిలిచినా రాలే. నీ చేతి బోణీ మంచిదన్నా. నువ్వు ముట్టుకుంటే ఆ పొద్దు గంప ఖాళీ అయితాది. ఆ దినం బోణీ తప్పింది, సగం ఉగ్గాని ఇంటికి తెచ్చుకున్యా. ఊరికే ఉంటానా? మర్నాడు పొయ్యి ఆ కుప్ప కాడికే మార్చినా."

"అక్కడికి మార్చినావా!"

"ఆ. వారానికి మళ్లా దాటినావు. మళ్లా మార్చినా. నువ్వు యాడ కూలబడతావో ఆడ పొయ్యి పెట్టుకుంటా పోయినా. తొమ్మిది తూర్లు! ఆ మూడు రాళ్ళు మోసి మోసి నా నడుము ఇరిగింది. ఇంత చేస్తే నువ్వేమో చెప్పాపెట్టకుండా రావడం మానేసినావు. అదేం న్యాయం?"

"ముందే చెప్పొచ్చు కదా మారెక్కా!"

"నువ్వడిగినావా? కాలు పట్టుకొని వచ్చి కూసుంటివి, బజ్జీలు తింటివి, పోతివి. నేనేమి కలగన్నానా?"

ఓబన్న నవ్వు మొదలైంది. అరుగు మీద దొర్లాడు. దగ్గు వచ్చి, కళ్ళనీళ్ళు వచ్చి, మళ్ళీ నవ్వాడు. "ఇరవై ఆరేండ్లు! ఇరవై ఆరేండ్లుగా హద్దులు రాస్తాండాడు! పారే వాగును హద్దుగా పెట్టద్దండి, జరుగుతాది అని ఊరందరికీ చెప్తాడు! పోయి పోయి బజ్జీల పొయ్యిని పెట్టుకున్నాడు!"

అవమానంగానే ఉంది. కానీ అప్పుడు అది పట్టలేదు. అర్జీలో దూరం సరిగా రాయాలి అని సాకు చెప్పి, సర్వేయరు దగ్గర కొలత గొలుసు అడిగి తెచ్చాను. సాయంత్రం నాలుగు గంటలకు, ఎండలో, కళ్ళద్దాలు పెట్టుకుని, ఓబన్న ఒక కొస, నేనొక కొస పట్టుకుని ఊరి మొగదల నుంచి కొలిచాం. ఫర్లాంగుకు పది గొలుసులు.

ముప్పై నాలుగు గొలుసులు.

మూడు ఫర్లాంగులు దాటి ఇంకా నాలుగు గొలుసులు! నేను ఒక ఫర్లాంగు అనుకుని తిట్టుకుంటూ నడిచింది మూడున్నరకు దగ్గర దగ్గర! గడియారం అబద్ధం చెప్పలేదు. చెప్పులు అబద్ధం చెప్పలేదు. దారి పెరిగింది. నా పిక్కలో కాలువ పారుతోంది!

పారుతుండేది అని రాయాలేమో. తిరుగు నడకలో ఆగకుండా వచ్చి చూశాను. రెండున్నర ఫర్లాంగుల దగ్గర పట్టేసింది. పదిహేడు రోజులు కూర్చున్నందుకు, కాల్చిన బీడీలకు, దాదాపు ఒక ఫర్లాంగు పూడిపోయింది. అది మారెక్క తప్పు కాదు, డాక్టరు గారి తప్పు కాదు. నాదే.

నిలబడ్డాను. రోడ్డు మీదే ఏడుపొచ్చింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఓబన్న ఇంకో వైపు తిరిగి గొలుసు చుట్టుకుంటూ, "దుమ్ము ఎక్కువుండాది ఈ రోడ్డులో" అన్నాడు. తర్వాత జేబులోంచి బీడీ కట్ట తీశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళలో వాడు అలా చేయడం నేను చూడలేదు.

భద్రమ్మకు అంతా చెప్పాను. ముందు నమ్మలేదు. చివరికి, "ఆ మారెక్కకు ఒక చీర పెట్టల్ల" అంది. లేచి, తలుపు పక్కనున్న కర్ర తీసి అటక మీదికి ఎత్తబోయింది.

"ఉండనీ. దానితో పనుంది" అన్నాను. పాపం, మొహం పాలిపోయింది. ఎందుకో చెప్పాక కర్రతో నన్నే కొట్టబోయింది.

మార్చి 21, సోమవారం.

మారెక్క అర్జీ రాసిచ్చాను. నా బతుకులో ఇంత జాగ్రత్తగా హద్దులు ఎప్పుడూ రాయలేదు. మేస్త్రీ చదివి, రోడ్డుకు రెండు గజాలు లోపలికి జరిగితే చాలన్నాడు.

సాయంత్రం ఓబన్న గునపం తెచ్చాడు. ముప్పై నాలుగో గొలుసు దగ్గర గుంత తీసి నాయన కర్రను నిటారుగా పాతాం. చుట్టూ రాళ్ళు కొట్టాం. ఊపి చూశాను. కదల్లేదు.

"బయట పెడితే ఎవరైనా పొయ్యిలో పెట్టుకుంటారేమో" అని భద్రమ్మ భయం. ఎవరైనా అంటే అక్కడ ఉండేది మారెక్క ఒక్కతే.

బీడీలు: 3.

మార్చి 22.

అమావాస్య. ఏమీ మొదలుపెట్టకూడదు. ఇది సాకు కాదు, నిజంగానే అమావాస్య.

బీడీలు: 2. రెండోది సగమే. మిగిలిన కట్ట భద్రమ్మ చేతికిచ్చాను. నేను చూస్తుండగానే పొయ్యిలో వేసింది. వాసన బాగుంది. బయటికి వచ్చి నిలబడ్డాను.

మార్చి 23, బుధవారం. ఉగాది.

పరాభవ నామ సంవత్సర చైత్ర శుద్ధ పాడ్యమి నాడు, ఉరవకొండ కాపురస్తుడు గంగాధరప్ప, వయసు 51, తన మనఃపూర్తిగా, భయం చేతనూ భార్య చేతనూ బలవంతపెట్టబడి, తనకు తానే రాసి ఇచ్చుకున్న తీర్మాన పత్రం ఏమనగా:

1. రోజూ తెల్లవారుజామున నడక. కళ్ళద్దాలతో.
2. బీడీలు బంద్.
3. హద్దులు. పడమర: ఊరి మొగదల. తూర్పు: మా నాయన చంకకర్ర.
4. సదరు కర్రను దాటి నేను ఎంత దూరం పోయినా మారెక్క తన పొయ్యిని కదపరాదు. బదులుగా నేను తిరుగు దారిలో ఆగి బోణీ చేసిపెట్టగలవాడను. రెండే బజ్జీలు.
5. ఎంత వాన వచ్చినా, కట్టెలు ఎంత తడిసినా, మారెక్క సదరు కర్రను పొయ్యిలో పెట్టరాదు.
6. ఏప్రిల్ 4న డాక్టరు గారి వద్ద ఈ డైరీ యావత్తూ చదివి వినిపించుట. తిడితే పడుట.

సాక్షులు: ఓబన్న సంతకం. మారెక్క వేలిముద్ర, దాని మీద కొంచెం శనగపిండి.

పేరు చూసి భయపడను. నిరుడు విశ్వావసు అని మంచి పేరే ఉండింది, అందులో నేను చేసిందేమిటి?

5 గంటలకు బయల్దేరాను. కంబళి లేదు. మూల మీద కదిరమ్మ గారి అల్లుడు, పండగ స్నానం చేసి తల తుడుచుకుంటూ: "ఏమప్పా గంగాధరప్పా, యాడికి పోతాండావు?"

వెనక్కి తిరగలేదు.

"మా నాయన కర్ర కాడికి" అన్నాను.

పిక్క పట్టింది. కర్రకు ఇంకా నాలుగైదు గొలుసుల దూరం ఉంది. దూరంగా లాంతరు, దాని పక్కన కర్ర నీడ కనిపిస్తున్నాయి. నిలబడ్డాను. తగ్గింది. నడిచాను.

బీడీలు: 0. ఇప్పుడు ఉదయం ఏడు గంటలు.